అక్క మార్చిన వరుస

మా అక్క కంప్యూటర్ చదువు చదవలేదు. కాపురానికి వెళ్ళిన కొత్తలో బావ ల్యాబులో ఓ మూల పాత కంప్యూటర్ ఒకటి ఉండేది. దానిమీద ప్లాస్టరు దుమ్ము అట్టకట్టి ఉంటే తుడుద్దామని కూర్చుంది. మళ్ళీ లేవలేదు. ఆ ఇంట్లో ఆవిడ ఉద్యోగం అలా మొదలైంది.

బావది పళ్ళ ల్యాబు. పళ్ళు పీకే చోటు కాదు, చేసే చోటు. పళ్ళ డాక్టర్లు రోగి నోట్లోంచి తీసిన అచ్చు డబ్బాలో పెట్టి పంపిస్తే, దాన్నిబట్టి క్యాపులు, బ్రిడ్జిలు, పూర్తి సెట్లు చేసి వెనక్కి పంపుతారు. కింద ల్యాబు, పైన ఇల్లు. వంటింట్లో నిలబడినా కింద గీకుడు మిషను రొద వినిపిస్తూనే ఉంటుంది. బల్లల మీద బారులు తీరి దవడలు. ఎవరివో, ఎక్కడివో. నేను మొదటిసారి చూసి జడుసుకుంటే అక్క ఒకదాన్ని చేతిలోకి తీసుకుని టకటకలాడించి, "ఈయన బాగా వాగుతాడు, అందుకే అరిగిపోయాయి" అంది. అప్పట్లో అక్క అలా ఉండేది.

బావ చేతిపని చూసి తీరాల్సిందే. మైనంతో పన్ను చెక్కుతుంటే పక్కన నిలబడ్డవాళ్ళు కూడా ఊపిరి బిగపడతారు. మాట మాత్రం బహు పొదుపు. పైగా మనుషుల కళ్ళలోకి కాకుండా నోట్లోకి చూస్తూ మాట్లాడతాడు. మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు అలాగే చూస్తే, మా అమ్మ ఆ సాయంత్రమంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడింది.

బావకి ఒక తమ్ముడు. అందరూ చిన్నోడు అంటారు. అక్క కాపురానికి వెళ్ళేసరికి వాడికి మీసమైనా రాలేదు. తల్లి లేని పిల్లాడు. అక్కే పెట్టింది, అక్కే తిట్టింది, అక్కే బడికి తరిమింది. వాడు పెద్దయ్యాక, పెళ్ళయ్యాక కూడా ఆ ఇంట్లోనే ఉండి, అన్న పక్కనే బల్ల వేసుకుని కూర్చున్నాడు. అన్నకి చేతిపని, తమ్ముడికి నోటిపని. డాక్టర్ల దగ్గరికి వెళ్ళి నాలుగు కబుర్లు చెప్పి పని తెచ్చేవాడు చిన్నోడే.

కొన్నాళ్ళకి పళ్ళ డాక్టర్లు స్కానర్లు కొనడం మొదలుపెట్టారు. రోగి నోట్లో చిన్న కెమెరా తిప్పితే అచ్చు అక్కర్లేకుండానే కంప్యూటర్‌లో దవడ బొమ్మ వస్తుంది. దాన్ని ఫైలుగా మెయిల్లో పంపిస్తారు. "మీకంటూ ఒక సొంత మెయిలు పెట్టుకోండయ్యా, ఎవడి అడ్రసుకో పంపలేం" అని ఒక డాక్టరు విసుక్కున్నాడట. అక్క ఆ పని నెత్తినేసుకుంది. సైట్లకి, మెయిళ్ళకి చోటు అద్దెకిచ్చే ఒక హోస్టింగ్ కంపెనీలో డొమైన్ పేరు కొంది. ఏం పేరు పెట్టాలి అంటే అన్నదమ్ములిద్దరి పేర్లలోంచి చెరో ముక్క తీసి అతికించింది. పలకడానికి కాస్త వింతగా ఉన్నా, ఇద్దరూ సరేనన్నారు.

ఆ పని ఏమిటో నాకు అర్థం కాకపోతే ఓసారి కూర్చోబెట్టి చెప్పింది.

"డొమైన్ అంటే పేరే. ఉత్త పేరు. ఆ పేరు చూసి వచ్చినవాళ్ళని ఎటు పంపాలో చెప్పే వరుసలు కొన్ని ఉంటాయి, రికార్డులంటారు వాటిని. వెబ్‌సైటు చూడ్డానికి వచ్చావా, ఇదిగో ఈ వరుసలో ఉన్న నంబరుకి పో. మెయిలు పట్టుకొచ్చావా, ఆ ఎమ్మెక్స్ అన్న వరుసలో ఉన్న చోట పడేయ్. అంతే. ఆ కంపెనీ సైట్లో కంట్రోల్ ప్యానెల్ అని ఉంటుంది, అందులోకి వెళ్ళి ఆ వరుసలు మనం రాసుకోవాలి."

"తప్పు రాస్తే?"

"తప్పు చోటికి పోతారు."

అక్క తప్పు రాసేది కాదు. నంబరు ఒకటికి రెండుసార్లు చదువుకుని గానీ సేవ్ నొక్కేది కాదు. అన్నకొక మెయిలు పెట్టె, తమ్ముడికొక పెట్టె, ల్యాబుకి ఉమ్మడిగా ఇంకొకటి. పొద్దున్నే కిందకి దిగి వచ్చిన ఫైళ్ళన్నీ తీసి, ఎవరి బల్ల మీద ఏ పని ఉండాలో పంచిపెట్టేది. "మీ అక్క చేయి పడితే పొరపాటు జరగదు" అని బావ ఒకసారి నాతో అన్నాడు. బావ నోట్లోంచి అంత పొడుగు మాట రావడం అదే మొదలు.

వాళ్ళు విడిపోవడం వెనక పెద్ద కథేం లేదు. చిన్నోడు పళ్ళు చెక్కే మిషను తెద్దామన్నాడు. ఫైలు ఇస్తే మిషనే చెక్కేస్తుంది, మైనం అక్కర్లేదు, చెయ్యి అక్కర్లేదు. బావ వద్దన్నాడు. వాడు మళ్ళీ అడిగాడు. బావ మళ్ళీ వద్దన్నాడు. అలా చాలాకాలం నడిచింది. ఒకరోజు ఒక డాక్టరు ఫోన్లో బావతో, "తమ్ముడు కొత్త ల్యాబుకి గది చూసుకున్నాడటగా, మంచిదే, ఇద్దరికీ పని ఉంటుంది" అన్నాడు. బావ ఫోను పెట్టేసి, పనివాళ్ళందరి ముందూ, తమ్ముడి బల్ల మీదున్న దవడలన్నీ ఒక ట్రేలో సర్ది వాడి చేతికిచ్చాడు. వాడు ఏప్రన్ విప్పి కుర్చీ మీద వేసి, ట్రే పట్టుకుని వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా పెళ్ళాన్ని, సామాన్లని కూడా తీసుకెళ్ళిపోయాడు.

అక్క ఏడుస్తూ ఉంటుందని పరుగెత్తుకెళ్ళాను. నేను మందుల షాపులో పనిచేస్తాను, వాళ్ళ వీధి నుంచి ఎంతో దూరం లేదు. వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది.

"ఏంటే అక్కా, ఇలా అయింది?"

"అయింది."

"నువ్వేమీ అనలేదా?"

"ఎవర్ని అనను?" అంది. చొక్కా మడతపెట్టి, నచ్చక విప్పి, మళ్ళీ మడతపెట్టింది. అది చిన్నోడి చొక్కా. దండెం మీద మిగిలిపోయిందట.

ఆ రోజు నుంచి అక్క ముఖం మారిపోయింది. దుఃఖం అనడానికి లేదు. పలకరిస్తే పలుకుతుంది, తినమంటే తింటుంది. పళ్ళ డాక్టరు దగ్గర మత్తు సూది వేయించుకున్న దవడ ఎలా ఉంటుందో అలా ఉంది మనిషి మొత్తం.

అన్నదమ్ముల మేనమామ వచ్చి కూర్చుని పంపకం తేల్చాడు. పాత ల్యాబు, దాని పేరు అన్నవి. తమ్ముడు కొత్త పేరు పెట్టుకోవాలి. చిన్నోడు ఒక్కటే అడిగాడు. "డాక్టర్లందరికీ నా పాత మెయిలే తెలుసు మామయ్యా. కొన్నాళ్ళు అది ఉంచితే చాలు, వచ్చినవి నాకు పంపిస్తే."

బావ మామయ్య వైపే చూస్తూ, "ఆ పేరు మీద వాడికి ఇంకేమీ రాకూడదు" అన్నాడు.

మామయ్య అక్క వైపు చూశాడు. ఏదో ఒకటి అంటుందనుకున్నాడేమో. అక్క లేచి మంచినీళ్ళు తెచ్చి అందరి ముందూ పెట్టింది.

మర్నాడు ప్యానెల్లోకి వెళ్ళి చిన్నోడి మెయిలు పెట్టె తీసేసింది. తీసేయమంటావా, తీసేస్తే ఉన్నవన్నీ పోతాయి, మళ్ళీ రావు అని అడుగుతుందట. నొక్కేశాను అంది నాతో. పాలు విరిగిపోయాయి, పారబోశాను అని చెప్పినట్టు చెప్పింది.

కొద్దిరోజులకి చిన్నోడే ఫోను చేశాడు. ఆ వేళ నేను అక్క పక్కనే ఉన్నాను. "వదినా, నాకో పేరు కొనిపెట్టాలి. సైటు వేరేవాళ్ళు చేస్తున్నారు. మెయిలు ఇంకో కంపెనీది తీసుకున్నాను. వాళ్ళు ఏవో రికార్డులు పెట్టమని పంపారు, నాకు అందులో ఒక్క ముక్క బోధపడ్డం లేదు."

"మీ అన్నయ్యకి తెలిస్తే బాగోదు."

"అన్నయ్యకి చెప్పే చెయ్యి. నాకేం దాపరికం లేదు."

అక్క నిజంగానే చెప్పింది. బావ పన్నుకి రంగు కలుపుతున్నాడు. తల ఎత్తకుండానే, "నీ ఇష్టం" అన్నాడు. ఆ మాటకి ఆ ఇంట్లో ఎన్ని అర్థాలున్నాయో నాకు తెలుసు, అక్కకీ తెలుసు.

చిన్నోడు ఇంకో పాస్‌వర్డు గోల నాకెందుకు, నీ లాగిన్‌లోనే కొనెయ్ వదినా అన్నాడు. అలా రెండు ల్యాబుల పేర్లూ ఒకే ప్యానెల్లోకి వచ్చి చేరాయి. ఇల్లు వేరుపడింది గానీ అక్కడ ఇద్దరూ పైనా కిందా ఉన్నారు.

రికార్డులు పెట్టిన రోజు మధ్యాహ్నం బాగా ఎండగా ఉంది. నేను సెలవు పెట్టి వెళ్ళాను. అక్కని ఒక్కదాన్నే వదలబుద్ధి కాలేదు. ల్యాబులో పనివాళ్ళు భోజనాలకి వెళ్ళారు, మిషన్లు ఆగిపోయాయి. అక్క ప్యానెల్ తెరిచింది. ఏ డొమైన్ రికార్డులు మార్చాలో ఎంచుకోవడానికి పైన ఒక పెట్టె ఉంది. అందులో చిన్నోడి కొత్త పేరు ఎంచుకుంది. సైటు వాళ్ళిచ్చిన నంబరు వేసింది, చదువుకుంది, సేవ్ నొక్కింది. పేజీ ఒకసారి తెల్లబడి మళ్ళీ వచ్చింది. తర్వాత మెయిలు వరుస. అక్కడున్న పాతది తీసేసి మెయిలు కంపెనీ ఇచ్చిన అడ్రసు వేసింది. సేవ్.

నేను పక్కనే కూర్చుని అరటిపండు తింటున్నాను. మా ఇద్దరిలో ఎవరమూ పైనున్న పెట్టె వైపు చూడలేదు. పేజీ తిరిగొచ్చినప్పుడు ఆ పెట్టెలో పేరు దానంతటదే మొదటిదానికి, పాత ల్యాబు పేరుకి, వెళ్ళిపోయింది. చిన్నోడి మెయిలు వరుస బావ పేరు కింద పడింది. బావది చెరిగిపోయింది.

సాయంత్రం చిన్నోడు ఫోను చేసి మెయిలు రావట్లేదన్నాడు. కొంచెం టైం పడుతుందిరా అంది. ఎంతకీ రాకపోయేసరికి హోస్టింగ్ కంపెనీ సపోర్టువాళ్ళకి రాసింది. మీ కొత్త డొమైన్‌లో మెయిలు రికార్డే లేదు, ఒకసారి చూసుకోండి అని వాళ్ళ జవాబు. అక్క వెళ్ళి చూసింది. నిజంగానే లేదు. సేవ్ సరిగా నొక్కలేదేమో అనుకుని మళ్ళీ వేసింది. ఈసారి సరైన చోటే పడింది. చిన్నోడికి మెయిలు వచ్చింది. "వచ్చింది వదినా" అని రాశాడు. అక్క "సరే" అని జవాబిచ్చింది. మొదట వేసింది ఎక్కడికి పోయిందని మాత్రం వెతకలేదు. మామూలుగా అయితే వెతికేది. ఆ రోజుల్లో మామూలుగా ఏదీ లేదు.

రికార్డు మారగానే అందరికీ ఒకేసారి తెలియదట. పాత సమాధానం గుర్తుపెట్టుకున్న చోట్ల నుంచి ఇంకా కొంతసేపు మెయిళ్ళు వస్తూనే ఉంటాయి. అందుకే బావకి ఆ రోజు కొన్ని వచ్చాయి. మర్నాడు తగ్గాయి. ఆ మర్నాడు పొద్దున అక్క కిందకి దిగి చూస్తే ఒక్కటీ లేదు. పని తగ్గిందేమో అనుకుంది. తమ్ముడు వెళ్ళిపోయాక తగ్గుతుందని అందరూ అన్నదే కదా.

డాక్టర్ల ఫోన్లు మొదలయ్యాయి. పంపిన ఫైళ్ళు తిరిగొస్తున్నాయని. ఒకాయన రోగికి ముందు రెండు పళ్ళు లేవు, కొత్త ఉద్యోగంలో చేరబోతున్నాడు, క్యాపులు తొందరగా కావాలి. ఆయన బావతో కొంచెం కటువుగానే మాట్లాడాడు. "మీకు పంపితే అలాంటి అడ్రసే లేదంటోంది. మీ తమ్ముడికి పంపితే ఠక్కున వెళ్ళింది. పని ఆయనకిచ్చేశాను, ఏమీ అనుకోకండి."

బావ ఫోను పెట్టేశాడు. చేతిలో ఉన్న మైనపు పన్ను జాగ్రత్తగా పక్కన పెట్టాడు. చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళాడు. అక్క వీధి చివర ఎటు తిరిగాడో కిటికీలోంచి చూసింది. చూసి కంప్యూటర్ దగ్గర కూర్చుని ప్యానెల్ తెరిచింది. పాత ల్యాబు పేరు కింద వరుసలు ఒక్కొక్కటే చదివింది. మెయిలు వరుస దగ్గర ఆగింది.

"చూడగానే తెలిసిందా?" అని తర్వాత అడిగాను.

"తెలిసింది."

"ఏమనిపించింది?"

"ఆ అడ్రసుకి చివర ఒక చుక్క పెట్టాలి, లేకపోతే పనిచెయ్యదు. మర్చిపోయానా అని చూశాను. పెట్టాను."

దిద్దింది. సేవ్ నొక్కింది. పేజీ తిరిగొచ్చేదాకా ఆగి, నాకు ఫోను చేసి, "చిన్నోడి ల్యాబుకి వెళ్తున్నా, వస్తావా" అంది. మాట మామూలుగానే ఉంది. నేను షాపులో చెప్పేసి బయల్దేరాను.

చిన్నోడి కొత్త ల్యాబు పాతదానికి రెండు మలుపుల అవతల. అద్దాల తలుపు, తెల్లటి గోడలు, మధ్యలో ఆ మిషను. మేము వెళ్ళేసరికి బావ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, లోపలికి అడుగు పెట్టలేదు. చిన్నోడు మిషను పక్కన. పనివాళ్ళు ఇద్దరు గోడకి కరుచుకుని ఉన్నారు. బావ గొంతు హెచ్చలేదు, అతనికది అలవాటు లేదు.

"నీకు పని కావాలంటే అడగాల్సింది. నా డబ్బాలో చెయ్యి పెట్టావు."

"నేనేం చెయ్యలేదు అన్నయ్యా."

"డాక్టరే చెప్పాడు. నాకు రానిది నీకు వస్తోందని."

"నాది నాకు వస్తోంది. నీది ఎందుకు రావట్లేదో నాకేం తెలుసు?"

అక్క ఇద్దరి మధ్యకీ వెళ్ళి నిలబడింది. "వాడు కాదండీ. నేనే. వాడికి పెట్టాల్సిన వరుస మనకి పెట్టాను. ఇప్పుడే దిద్దాను. కాసేపట్లో మళ్ళీ వస్తాయి."

బావ మొదటిసారి ఆవిడ కళ్ళలోకి చూశాడు. నోట్లోకి కాదు.

"పొరపాటునా?"

"పొరపాటునే."

"నీ చేయి ఎప్పుడు పొరపాటు పడింది?"

నేను చెప్పబోయాను. పక్కనే ఉన్నాను, పెట్టెలో పేరు మారిపోయింది, చూసుకోలేదు అని. బావ నా వైపు చెయ్యి ఎత్తి ఆపి, మా మధ్యలోంచి దారి చేసుకుని వెళ్ళిపోయాడు.

చిన్నోడు కుర్చీ తెచ్చి వేశాడు. అక్క కూర్చోలేదు. వాడు గొంతు తగ్గించి, "నాకోసం చేశావా వదినా?" అన్నాడు. ఆ ప్రశ్నలో కోపం లేదు. ఆశ ఉంది. చిన్నప్పుడు దాచిపెట్టిన మిఠాయి తనకేనా అని అడిగే పిల్లాడి మొహం పెట్టాడు. నేను అది చూడలేక తల తిప్పుకున్నాను.

"లేదురా" అంది అక్క. "పనులు చూసుకో."

వాడు నమ్మలేదు. మొహం చూస్తే తెలిసిపోయింది. అన్న నమ్మిందే తమ్ముడూ నమ్మాడు. ఒకరికి అది ద్రోహం, ఒకరికి ప్రేమ. పొరపాటని నమ్మింది నేనొక్కదాన్నే.

ఇంటికి నడుస్తుంటే అడిగాను. "నిజంగా చూసుకోలేదు కదా అక్కా?"

"చూసుకోలేదనే అనుకుంటున్నాను. కళ్ళు మాత్రం ఆ పెట్టె మీదే ఉన్నట్టు గుర్తు. చూసి కూడా చూడలేదేమో. నాకు తెలీదే."

అప్పటికి వాళ్ళ గుమ్మం వచ్చేసింది.

బావ ఆవిడని తిట్టలేదు, కొట్టలేదు, పుట్టింటికి పొమ్మనలేదు. వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే ఒకతన్ని పిలిచి, ల్యాబు మెయిళ్ళు అవీ నువ్వే చూసుకో అని అప్పగించాడు. అతను వచ్చి తన కంపెనీలో ల్యాబుకి కొత్త మెయిలు, కొత్త పేరు పెట్టాడు. బావ ఒక్కడి పేరు. గుమ్మం మీద బోర్డు కూడా మారింది. అక్క కూర్చునే మూలలో అతను కూర్చున్నాడు. అక్క పైనే ఉండిపోయింది. భోజనానికి రండి, చొక్కా ఇస్త్రీ అయింది, కరెంటు పోయింది. వాళ్ళ మధ్య మాటలు అవే. రాత్రి పడుకున్నప్పుడు ఏమైనా మాట్లాడతాడా అని అడిగితే, "మొదట్నుంచీ అంతే కదా" అంది. మొదట్నుంచీ అంతే కాదు. మాట తక్కువగా ఉండటం వేరు, లేకపోవడం వేరు. కానీ ఆ తేడా అక్కకి అందుతున్నట్టు లేదు.

ఓసారి మా ఇంటికొచ్చి స్టవ్వు మీద వేడి గిన్నె ఉత్త చేత్తో దించింది. కింద పెట్టాక చూసుకుంది. వేళ్ళు ఎర్రబడ్డాయి. నేను కంగారుగా నీళ్ళ కింద పెడుతుంటే, "పర్లేదులే" అంది, నాకు కాలిందేమో అన్నట్టు నా చేతుల వైపు చూస్తూ.

అక్కకి ఒక ఉద్యోగం నేనే అడిగి పెట్టించాను. మా మందుల షాపు సైటు చూసేది ఒక చిన్న ఆఫీసు. మూడో అంతస్తులో రెండు గదులు, ఒక మేనేజరు, నలుగురు మనుషులు. డ్రైవింగ్ స్కూళ్ళు, పశువుల ఆసుపత్రులు, పూలకొట్లు, ఇలాంటి చిన్నవాళ్ళకి డొమైన్లు, మెయిళ్ళు పెట్టడం వాళ్ళ పని. మేనేజరు అక్కని "ఇదివరకు ఎక్కడ చేశారు?" అని అడిగాడు.

"ఇంట్లో."

"మీరు చేసిన పెద్ద తప్పు ఏదైనా చెప్పండి."

"మెయిలు రికార్డు వేరే డొమైన్లో వేశాను. ఒక ల్యాబు మెయిళ్ళు ఆగిపోయాయి."

"తర్వాత?"

"దిద్దాను" అంది అక్క.

అతను నవ్వి, మేమందరం చేసిందే అది అన్నాడట. చేర్చుకున్నాడు.

రోజూ బస్సులో వెళ్ళొస్తుంది. బావ వద్దనలేదు. నీ ఇష్టం అని కూడా అనలేదు. పొద్దున్నే వంట చేసి మూతలు పెట్టి వెళ్తుంది. ఆఫీసులో అక్కని అందరూ మేడమ్ అంటారు. చాలామంది కస్టమర్లకి తమకేం కావాలో తెలియదు. "మా సైటు చచ్చిపోయింది" అని ఫోను చేస్తారు. అక్క వాళ్ళని ఒక్కొక్క వరుసా చదవమని, ఓపిగ్గా వింటుంది. ఆ ఓపికని మేనేజరు తెగ మెచ్చుకుంటాడు. నాకు మాత్రం అది ఓపిక అనిపించదు.

ఆ ఏడాది చివర్లో ఏటా డబ్బు కట్టి నిలబెట్టుకోవాల్సిన పాత డొమైన్ గడువు అయిపోతోందని అక్కకి మెయిలు వచ్చింది. పేరు ఇంకా అక్క లాగిన్‌లోనే ఉంది మరి. భోజనాల దగ్గర బావని అడిగింది. "ఆ పాత పేరు ఉంచాలా?"

"వదిలెయ్."

చిన్నోడికి ఫోను చేసి అడిగింది. వాడి ల్యాబు అప్పటికి బాగానే పుంజుకుంది. మనుషుల్ని పెంచాడు. "నాకెందుకు వదినా ఇప్పుడది" అన్నాడు. ఫోను పెట్టేయకుండా, "నువ్వెలా ఉన్నావు?" అన్నాడు.

"బానే ఉన్నాను. మీ ఆవిడ బాగుందా?"

"బాగుంది."

అక్క ఆ పేరు వదిలేసింది. గడువు దాటాక ఇంకా కొన్నాళ్ళు తిరిగి తీసుకోవచ్చని మెయిళ్ళు వస్తూనే ఉన్నాయట. తర్వాత అవీ ఆగిపోయాయి. అన్నదమ్ములు ఇప్పటికీ మాట్లాడుకోరు. మేనమామకి ఒంట్లో బాగోలేనప్పుడు ఆసుపత్రి వరండాలో ఒకే బెంచీ మీద ఈ చివరొకరు, ఆ చివరొకరు కూర్చున్నారు. బావ దగ్గర చేత్తో చేసిన పళ్ళే కావాలనే డాక్టర్లు ఇంకా కొందరున్నారు. పని జరిగిపోతోంది.

పోయిన నెల నేనూ అక్కా కలిసి బజారుకి వెళ్ళాం. మబ్బు పట్టి ఉంది. అక్క గొడుగు నా చేతికిచ్చి చెప్పుల షాపులోకి వెళ్ళింది. నేను పక్కన గాజు సామాను చూస్తూ గొడుగు ఎక్కడో పెట్టాను. బయటికొచ్చేసరికి వాన దంచుతోంది, గొడుగు లేదు. వెనక్కి వెళ్ళి అడిగాం. ఎవరూ చూడలేదన్నారు.

"నీకు ఒక్క వస్తువు ఇస్తే ఒక్క ఘడియ చేతిలో పెట్టుకోలేవా?" అంది అక్క.

నేను తెల్లబోయాను. చిన్నోడు వెళ్ళిపోయాక అక్క ఎవర్నైనా ఒక్క మాట అనగా వినడం ఇదే మొదలు. మళ్ళీ అంది. కొత్త గొడుగట, ఎంత తిరిగి తెచ్చుకుందో, చిన్నప్పుడు బడికి పంపితే పలక పోగొట్టుకొచ్చే దాన్నట, నాతో ఎక్కడికీ రాకూడదట, మతిమరుపు మా అమ్మ దగ్గర్నుంచి వచ్చిందనుకుంటే మా అమ్మ కూడా ఇంత అధ్వాన్నం కాదట. షాపు చూరు కింద నిలబడి నానా తిట్లూ తిట్టింది. పక్కన తలదాచుకున్నవాళ్ళు మొహమాటపడి వీధివైపు తిరిగారు. నేను మాత్రం తల వంచుకుని, ఇంకా తిట్టవే, ఇంకా తిట్టు అని లోపల అనుకుంటూ నిలబడ్డాను.

వాన తగ్గలేదు. అక్క చెప్పుల సంచీ నెత్తిమీద పెట్టుకుని, నా వైపు చూడకుండా, తడుస్తూ బస్‌స్టాపు వైపు వెళ్ళిపోయింది.